ఛాయానాడి

కూర్మనాథ భాగవతార్ నోట మాట మొదటిసారి ఆగిపోయిన సాయంకాలం, విజయనగరం నవమి పందిట్లో కూర్చున్నవారందరూ అది కథకుని చమత్కారమనే అనుకున్నారు. హనుమంతుడు కొండకొమ్మున నిలిచి, దేహం పెంచి, శిఖరాన్ని అరికాళ్లతో అదిమిపట్టే ఘట్టమది. అందులో వచ్చే పొడవాటి వచనాన్ని కూర్మనాథం ఒక్క ఊపిరిలో చెబుతాడని ఆ ప్రాంతంలో పేరు. నిజానికి ఒక్క ఊపిరి కాదు. వినేవారికి తెలియనంత చిన్న ఊపిరులను వడివడిగా దొంగిలిస్తూ, వాటిని గజ్జెల మోత వెనుక దాచుకుంటూ చివరికంటా తోసుకుపోతాడు. ఆ రోజు "కొండ కదిలింది, కొండమీది చెట్లు కదిలాయి, చెట్లమీది" అన్నంతవరకూ వచ్చి ఆగిపోయాడు. కుడిచేతి చిడతలు జారి చాపమీద పడ్డాయి. మృదంగం వాయించే పెద్దాయన సమయజ్ఞుడు గనుక వెంటనే ఒక ముక్తాయింపు అందుకున్నాడు. కాసేపటికి "పక్షులు కదిలాయి" అంటూ భాగవతార్ చిరునవ్వుతో కథలోకి తిరిగి రాగానే పందిరి చప్పట్లతో నిండిపోయింది.

చప్పట్లు కొట్టనిది ముందు వరుసలో కూర్చున్న అక్కగారు కాత్యాయని ఒక్కతే. తమ్ముడి పెదవి కుడివైపు కొద్దిగా వాలి మళ్లీ సర్దుకోవడం ఆమె చూసింది.

"చూసేవా అక్కా, మాట ఆపితే ఎక్కువ చప్పట్లు వచ్చేయి. ఇన్నాళ్లూ అనవసరంగా మాటాడేను" అన్నాడు కూర్మనాథం ఇంటికి వచ్చి, కాళ్లకు గజ్జెలు విప్పుకుంటూ.

"రేపు నాతో విశాఖపట్నం వస్తున్నావు" అంది కాత్యాయని.

"రేపు బొబ్బిలిలో కథ ఒప్పుకున్నాను."

"బొబ్బిలివాళ్లు ఆగుతారు. నీ తల ఆగదు."

తల్లి పోయిన తరువాత ఆ పిల్లవాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. తండ్రి కొడుక్కి కథ నేర్పాడు, కూతురికి బడి చూపించాడు. కొడుకు గజ్జె కట్టి పదిమందిలో నిలిచాడు. కూతురు శాస్త్రం చదివి, మెదడులోని రక్తనాళాల మీద వెంట్రుకలు నెరిసేదాకా పరిశోధన చేసింది. ఇద్దరిలో ఎవరి విద్య గొప్పదన్న వాదం ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఒక ఆధరువులా సాగేది. తమ్ముడి మాటకు ఆమె ఎదురు చెప్పినా, అతడు కథ చెబుతుంటే మాత్రం ముందు వరుస వదిలేది కాదు.

మర్నాడు పరిశోధనశాలలో కూర్మనాథాన్ని బల్లమీద పడుకోబెట్టారు. చేతులు కదలకుండా మెత్తని పట్టీలు వేశారు. నరంలోకి రంగుమందు ఎక్కింది.

"ఒళ్లంతా వేణ్ణీళ్లు పోసినట్టుందే" అన్నాడు.

"అలాగే ఉంటుంది. మందు మెదడులోకి వెళ్తుంటే యంత్రం బొమ్మలు తీస్తుంది. బొమ్మలు నిమిషంలో అయిపోతాయి. ఆ తరువాత నా యంత్రం చాలాసేపు నీ రక్తం పారే తీరును కొలుస్తుంది. అంతసేపూ కదలకూడదు, మాటాడకూడదు. మనసు ప్రశాంతంగా ఉంచుకో."

"ప్రశాంతంగా ఉండటం నాకు నేర్పుతావా" అని నవ్వి, కళ్లు మూసుకున్నాడు.

కాత్యాయని అద్దం ఇవతల గదిలో తెరముందు కూర్చుంది. నల్లని నేపథ్యంలో తమ్ముడి మెదడు ధమనులు తెల్లగా, ఆకు రాల్చిన కొమ్మల్లా వెలిశాయి. ఎడమవైపు పెద్దకొమ్మ మొదట్లోనే దారమంత సన్నబడి ఉంది. మాటకు ప్రాణం పోసే భాగానికి రక్తం తీసుకుపోయే కొమ్మ అదే. ఆమె చూపు ఆ దారం మీదే నిలిచిపోయింది. బల్లమీద పడుకున్న మనిషిని ఆమె మరి చూడలేదు.

"ఇంత నిమ్మళంగా పడుకున్న మనిషిని నేనెప్పుడూ చూళ్లేదమ్మా. రాయి కూడా ఇంతకంటే కదులుతాది" అన్నాడు యంత్రం నడిపే సింహాద్రి మెచ్చుకోలుగా. ఆ మాట విని ఆమె సంతోషించింది కూడా.

ఆమె జీవితమంతా ధారపోసి కనిపెట్టిన సాధనం పేరు ఛాయానాడి. రోగి చేతినుంచి చిటికెడు కండ తీసి, ఆ చిత్రాలు చూపిన కొలతలకు సరిగ్గా, గాజుకుండలో అతడి మెదడు ధమనులను మళ్లీ మొలిపించేవారు. జిగురులాంటి ద్రవంలో సన్నని ఎర్రని కొమ్మలు సాగి, చిగిర్చి, ఒకనాటికి నిండు చెట్టయ్యేవి. బల్లమీద పడుకున్న వేళ ఆ మనిషి రక్తం ఏ వేగంతో పారిందో, అందులో ఏయే వాయువులు ఎంతెంత ఉన్నాయో, అవే కుండకు ఊపిరిగా అందేవి. కుండలో మాత్రం కాలం పరుగులు తీసేది. మనిషికి ఏళ్లు పట్టే అరుగుదల అక్కడ కొద్ది రోజుల్లోనే కనబడేది. ఛాయలో నాళం మూసుకుపోతే మనిషిలోనూ మూసుకుపోతుందని, ఛాయ నిలిస్తే మనిషి నిలుస్తాడని లెక్క. ఆ లెక్క అంతవరకు తప్పలేదు. గోడపొడవునా అరలలో వరుసగా నిలబెట్టిన కుండలలో ఎందరో మనుషుల భవిష్యత్తు ఎర్రగా కొట్టుకుంటూ ఉండేది.

తమ్ముడి కుండ చిగిర్చేలోగా డాక్టర్ ఇలియాస్ చిత్రాలు చూశాడు. తొడనుంచి సన్నని గొట్టం పంపి మెదడు ధమనులను తెరవడంలో చేయితిరిగినవాడు.

"తెరుద్దాం భాగవతార్‌గారూ. ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు.

"తెరిచేటప్పుడు ఏమైనా అవుతుందా?" అని కూర్మనాథం భార్య తాయారు అడిగింది.

ఇలియాస్ దాచలేదు. "చోటు అలాంటిదమ్మా. కొందరికి అక్కడే మాట పోతుంది. ఎక్కువమందికి పోదు."

కూర్మనాథం "మాట పోయిన భాగవతార్ని ఏం చేసుకుంటారు డాక్టరుగారూ? పీటమీద కూచోబెట్టి హారతివ్వడానికా?" అన్నాడు. నవ్వించడానికే అన్నా ఎవరూ నవ్వలేదు.

"వదినగారూ, మాకేం తెలుసు. మీ కుండ ఏం చెబితే అదే" అంది తాయారు.

కుండ చెప్పింది. దారమంత సన్నబడిన ఆ కొమ్మగుండానే రక్తం పుష్కలంగా పారింది. అవతలి చిరుకొమ్మలన్నీ విప్పారి ఉన్నాయి. లోపల ఏళ్లు గడిచినా చెట్టు వాడలేదు. కాత్యాయని ఆ కుండముందు నిలబడి మొదటిసారి చేతులు జోడించింది.

"మేడమ్, బొమ్మలో దారంలా ఉంది. కుండలో కాలవలా పారుతోంది. రెండూ నిజమెలా అవుతాయి?" అన్నాడు ఇలియాస్.

"దారి ఇరుకైనా అవతల నేల తడుస్తోంది కదా. తడుస్తున్న నేలకు గండి కొట్టడమెందుకు?"

"నేను నా కళ్లను నమ్ముతాను."

"నేను నా లెక్కను నమ్ముతాను ఇలియాస్. ఇంతమందికి నమ్మి, నా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి నమ్మకపోతే ఇంతకాలం నేను చేసినదేమిటి?"

గొట్టం వద్దన్నారు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు రాశారు. కథకు వస్తున్నానని కూర్మనాథం బొబ్బిలివారికి కబురు పంపాడు.

కార్తికమాసంలో ఒక సాయంకాలం ఆమె కుండల అరల ముందు దీపం వెలిగిస్తూ ఉంది. పరిశోధనశాలలో దీపమేమిటని కుర్రకారు గుసగుసలాడినా ఆమె ఆ అలవాటు మానలేదు. తమ్ముడి కుండలో కొమ్మలన్నీ నిండుగా కొట్టుకుంటున్నాయి. అప్పుడే ఫోను మోగింది. అవతల తాయారు ఏడవడంలేదు. ఆ ఏడవకపోవడమే కాత్యాయనిని భయపెట్టింది.

"కొండ కదిలింది అన్నారు వదినగారూ. మరి తరువాత ఏవీ అనలేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆయన పడిపోయేరు. పడిపోయిన తరవాత కూడా కొడుతున్నారు."

ఫోను పట్టుకునే ఆమె కుండవైపు చూసింది. అందులో ఎడమ కొమ్మ ఏ లోటూ లేకుండా పారుతూనే ఉంది.

ఇలియాస్ చేయగలిగినదంతా చేశాడు. ప్రాణం దక్కింది, కుడిచేయి సగం దక్కింది. మాట దక్కలేదు. పిలిస్తే చూస్తాడు, చెబితే గ్రహిస్తాడు, నోరు తెరిస్తే మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. మాట పోయినవారికి పాట మిగలడం కద్దని ఇలియాస్ అన్నాడు. మృదంగం పెద్దాయన వచ్చి మంచం పక్కన చిన్ననాటి కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు. కూర్మనాథం పెదవులు కదిపాడు, మెడ నరాలు ఉబ్బాయి, కళ్ల నీళ్లు కారాయి. పెద్దాయన సగంలో ఆపేసి, "ఎండ తగ్గేక వస్తాను బాబూ" అని వెళ్లినవాడు మరి రాలేదు.

లెక్క ఎక్కడ తప్పిందో కాత్యాయనికి బోధపడలేదు. కొలతలు సరిచూసింది, ద్రవం మార్చి చూసింది, కండ కణాలు పరీక్షించింది. తప్పేమీ లేదు. ఆ తప్పులేకపోవడంతో ఆమెకు తిండి సయించలేదు.

ఒక మధ్యాహ్నం తాయారు పరిశోధనశాలకు వచ్చి, తన భర్త కుండ ఏదని అడిగింది. చూపించగా చాలాసేపు నిలబడి, గాజుమీద అరచెయ్యి ఆనించింది. ద్రవం ఒంటి వేడితో సమానంగా ఉంచుతారు గనుక గాజు వెచ్చగా ఉంది.

"ఇక్కడ బాగున్నారు కదూ?" అంది.

"తాయారూ, ఇది వాడు కాదు."

"తెలుసు వదినగారూ. అయినా ఇక్కడ బాగున్నారు." ఆ తరువాత ఆమె ప్రతి వారం వచ్చేది. గాజుమీద చెయ్యి ఆనించి నిలబడి వెళ్లిపోయేది.

మాఘమాసం వచ్చింది. కాత్యాయని తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. కూర్మనాథం పీటమీద కూర్చుని సంధ్య వార్చుకుంటున్నాడు. మంత్రం పెదవి దాటదు. లోపలే నడుస్తోంది. కుడిచెయ్యి లేవక, ఎడమచేతినే ముక్కుకు తెచ్చుకోవలసి వచ్చినందుకు దేవుణ్ణి మన్నించమన్నట్టు ఒకసారి తల వంచాడు. ఊపిరి తీశాడు, నిలిపాడు. గడపలో నిలబడిన కాత్యాయని ఆ ఛాతీని చూస్తూ ఉండిపోయింది. అది కదలలేదు. ఇంకా కదలలేదు. గజ్జెకట్టి జీవితమంతా ఊపిరిని మచ్చిక చేసుకున్నవాడు గనుక, మామూలు మనిషి తట్టుకోలేనంతసేపు బిగపట్టి, ఎంతో మెల్లగా విడిచి, మళ్లీ తీసుకున్నాడు.

ఆమె గడప దాటింది. వచ్చి అతడి ఎదుట నేలమీద కూలబడింది.

"కూర్మం, ఆ రోజు నా బల్లమీద పడుకుని ఇదే చేశావా?"

అతడు తల ఊపాడు.

"అంతసేపూనా?"

మళ్లీ తల ఊపాడు. ప్రశాంతంగా ఉండమని అక్క చెప్పింది, తనకు తెలిసిన ప్రశాంతి ఇదే, చెప్పినట్టు చేశాను కదా అన్నట్టుగా సగం పెదవితో నవ్వాడు. ఆ సగం నవ్వును ఆమె బ్రతికినంతకాలం మరచిపోలేదు.

ఊపిరి బిగబట్టినవాడి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. అది పెరిగితే మెదడులోని చిరునాళాలు విప్పారి రక్తాన్ని ఆవురావురుమని పీల్చుకుంటాయి. వడివడిగా ఊపిరులు తీసేవాడిలో ఆ వాయువు తరిగి, నాళాలు ముడుచుకుంటాయి. వైద్యం చదివే పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ఆమె యంత్రం ఊపిరి బిగబట్టి కుంభకంలో ఉన్న కూర్మనాథాన్ని కొలిచి, ఆ ఊపిరినే కుండకు శాశ్వతంగా పోసింది. కథ చెప్పే కూర్మనాథాన్ని అది ఎన్నడూ చూడలేదు. కుండలో ఉన్నది ఎప్పటికీ సంధ్య వార్చుకుంటూ ఉండే తమ్ముడు. అందుకే అక్కడ అంత సుఖంగా ఉన్నాడు.

ఆ మాట ఆమె ఇలియాస్‌కు చెప్పింది.

"ఒక్క మనిషి విషయం మేడమ్. ఒక్కరిని బట్టి మొత్తం తప్పనలేం."

"తలకు ఏమైందో అన్న భయంతో ఆ బల్లమీద పడుకుని దేవుణ్ణి తలుచుకోనివాడు మన ప్రాంతంలో ఎవడున్నాడు? అందరూ భాగవతార్లు కాకపోవచ్చు. జపం చేసేవాడున్నాడు, కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యానం నిలిపేవాడున్నాడు. పైగా ప్రశాంతంగా ఉండమని అందరికీ నేనే చెప్పాను. ఎవరి కుండ నిజమో, ఎవరిది ధ్యానమో నేను చెప్పలేను."

ఇలియాస్ అరలవైపు చూశాడు. "మా అమ్మ కుండ కింది వరసలో ఉంది. గొట్టం అక్కర్లేదని మీరే చెప్పారు. ఆవిడ పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి" అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "రుజువు చెయ్యండి. రుజువు లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు. ఈ యంత్రం ఇప్పుడు ఎన్ని ఆసుపత్రులు ఎక్కిందో మీకు తెలుసు."

రుజువు ఒక్కటే ఉంది. కూర్మనాథం కుండకు కథ చెప్పేటప్పటి ఊపిరిని పోయాలి. పాత కథలు రికార్డు చేసినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఊపిరి తీసిన ప్రతిచోటునూ యంత్రం పసిగట్టగలదు. ఆమె లెక్క నిజమైతే ఛాయలో ఎడమ కొమ్మ మూసుకుపోతుంది. మూసుకుపోయిన కొమ్మ మళ్లీ తెరుచుకోదు.

తాయారుకు ఆ సంగతి దాచి చేయడం కాత్యాయనికి ఇష్టం లేకపోయింది.

"ఆయన్ని రెండోసారి పడగొడతారా?" అంది తాయారు. గొంతు పెంచలేదు. "మీకు రుజువు కావాలంటే మా ఇంట్లో మంచమ్మీద ఉంది వదినగారూ. రండి, చూసుకోండి. ఆ కుండ నాకొదిలీండి."

"ఇంకా ఎందరి ఇళ్లలోనో మంచాలున్నాయి తాయారూ. వాటిమీద ఇంకా ఎవరూ పడలేదు."

"వాళ్లు నాకు ఏవవుతారు?"

గోడవారగా కూర్చుని ఇదంతా వింటున్న కూర్మనాథం ఎడమచెయ్యి చాచి భార్య కొంగు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. తరువాత అక్కవైపు తిరిగి, గడపవైపు చూపించాడు. పద అన్నాడని ఇద్దరికీ అర్థమైంది.

పరిశోధనశాలలో అతణ్ణి కుండకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. తాయారు వెనక నిలబడి భుజాలు పట్టుకుంది. ఇలియాస్ కొలతల దగ్గర ఉన్నాడు. కాత్యాయని మీట నొక్కింది.

గదిలో కూర్మనాథం గొంతు లేచింది. గాలిని కోసే చిడతల చప్పుడు, గజ్జెల మోత, వాటిమీద నడిచే నిండైన గొంతు. అంతకాలంగా మౌనమైన ఆ మనిషి ఎదుట అతడి కంఠమే కొండంత ఎత్తున నిలబడి హనుమంతుణ్ణి పెంచుతోంది. కూర్మనాథం కళ్లు పెద్దవయ్యాయి. పెదవులు తన వెంట తానే పరుగెత్తాయి. కుండలో మొదట చివరి కొమ్మలు ముడుచుకున్నాయి. వేళ్లలా, చలికి వణికినట్టుగా. తరువాత పెద్దకొమ్మ ఎరుపు పలచబడింది. వచనం వేగం అందుకున్నకొద్దీ దారం మరింత దారమైంది. కంఠం "చెట్లమీది పక్షులు కదిలాయి" అని గెలిచి పైకి సాగిపోయింది. కుండలోని దారం అక్కడే తెల్లబడిపోయింది. దాని అవతల ఉన్న ప్రాంతమంతా, నీరందని పొలంలా మెల్లమెల్లగా బూడిదరంగుకు మళ్లింది.

కథ ఇంకా నడుస్తూనే ఉంది. హనుమంతుడు ఎగిరాడు. కాత్యాయని చెయ్యి మీటమీదికి పోబోతే కూర్మనాథం వద్దని సైగ చేశాడు. చివరిదాకా విన్నాడు. మంగళం పాడిన తరువాత రికార్డులో జనం చప్పట్లు వినబడ్డాయి. తాయారు వంగి అతడి చెవులు రెండు చేతులతో మూసింది.

ఆ నెలలోనే ఛాయానాడిని అన్ని ఆసుపత్రులలోనూ ఆపించారు. కాత్యాయని తన పేరుమీదనే ప్రకటన ఇచ్చింది. నిర్లక్ష్యమన్నారు కొందరు. పూజలు చేసే ముసలమ్మకు యంత్రాలెందుకన్నారు కొందరు. కుండను నమ్మి వైద్యం మానుకున్న ప్రతివారికీ ఆమే ఫోను చేసి మళ్లీ రమ్మంది. కొందరిళ్లలో ఫోను ఎత్తినవారు, ఇక ఆయన రాలేరమ్మా అన్నారు. ఇలియాస్ తల్లికి సమయానికి గొట్టం వేశారు. ఆమె నిలిచింది.

మళ్లీ తీసే చిత్రాలకు ఆమె కొత్త పద్ధతి పెట్టింది. రోగి ఊపిరిని వాయువుతో సహా యంత్రం కనిపెడుతూ ఉంటుంది. ఊపిరి నెమ్మదించినా, నిలిచినా గంట మోగుతుంది. కొలత చెల్లదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

మొదట వచ్చినది గజపతినగరం దగ్గరి పల్లెనుంచి ఒక ముసలమ్మ. పేరు పైడితల్లి. సింహాద్రి చేతులకు పట్టీలు వేశాడు. కాత్యాయని ఈసారి అద్దం వెనుకకు పోలేదు. బల్ల పక్కనే నిలబడింది. రంగుమందు ఎక్కగానే ముసలమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు సన్నగా కదలడం మొదలైంది. ఊపిరి లోపలికి పోయి ఆగింది. గంట మోగింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ మోగింది. మూడోసారీ మోగింది.

రోజూ దీపం పెట్టనిదే నీళ్లు ముట్టని కాత్యాయని ఆ బల్లమీదికి వంగింది.

"అమ్మా, ఒక్క కాసేపు దేవుణ్ణి తలుచుకోకండి."

ముసలమ్మ కళ్లు తెరిచింది. ఆ తెల్లటి గదినీ, తలచుట్టూ ఉన్న చట్రాన్నీ, పైకి వంగిన ముఖాన్నీ చూసింది.

"ఇక్కడ తొంగుని మరెవుల్ని తలుసుకోమంతావు తల్లీ?" అంది.

కాత్యాయని ముసలమ్మ చేతిని పట్టుకుని అలాగే నిలబడింది. యంత్రం ఎదురుచూస్తూ ఉంది.